మన మతమే సరైనదని మనకెందుకు అనిపిస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో ముప్పై ఏళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పాను. పాఠంలో బుద్ధుడు వచ్చినా, మహమ్మద్ ప్రవక్త వచ్చినా, మార్టిన్ లూథర్ వచ్చినా వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేచేది. "సార్, వీళ్లందర్లో ఎవరు కరెక్టు?" సిలబస్ పూర్తి చేయాలన్న తొందరలో చాలాసార్లు "తర్వాత చెప్తాను" అనేశాను. ఆ బాకీ తీర్చుకోవడానికే ఇది రాస్తున్నాను. ఇందులోని ప్రశ్నలు పిల్లలు అడిగినవి కొన్ని, వాళ్ల తల్లిదండ్రులు అడిగినవి కొన్ని, పొద్దున నడకలో కలిసే స్నేహితులు అడిగినవి కొన్ని. ఏ మతం నిజమో తేల్చడం నా ఉద్దేశం కాదు. ఎవరికి వాళ్లకు తమదే నిజమని అంత గట్టిగా ఎలా అనిపిస్తుందన్నదే నాకు ముఖ్యం.

నిజంగానే అందరికీ తమ మతమే సరైనదని అనిపిస్తుందా?

అందరికీ కాదు గానీ, మతం దాటి వెళ్లేవాళ్లు చాలా తక్కువ. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సర్వే సంస్థ 2019 చివరి నుంచి 2020 మార్చి దాకా మన దేశంలో 17 భాషల్లో దాదాపు 30 వేల మందితో మాట్లాడింది. అందులో 98 శాతం మంది తాము ఏ మతంలో పెరిగారో ఇప్పటికీ అదే మతంలో ఉన్నామని చెప్పారు. వీళ్లలో నాలుగు మతాలు చదివి, పోల్చి, బేరీజు వేసి ఎంచుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారు? మనం పుట్టిన ఇల్లు మనకిచ్చిన మతం అది. అయినా ఎవరినైనా అడిగి చూడండి, "మా ఇంట్లో ఇదే ఉంది కాబట్టి" అని ఎవరూ అనరు, "ఇదే నిజం కాబట్టి" అంటారు. కారణం ఒకటి, మనం చెప్పుకునే కారణం ఇంకొకటి. నేను చెప్పబోయేదంతా ఈ రెండింటి మధ్య దూరం గురించే.

పుట్టుకతో వచ్చింది కాబట్టి అది అబద్ధమంటారా?

అనను. భూమి గుండ్రంగా ఉంటుందని నాకు మా టీచరు చెప్తేనే తెలిసింది. నేను సొంతంగా కొలిచి చూసింది లేదు. ఇంకో కాలంలో పుడితే బల్లపరుపుగా ఉంటుందనే నమ్మేవాణ్నేమో. అంతమాత్రాన భూమి ఆకారం మారదు. ఒక నమ్మకం మనదాకా ఏ దారిన వచ్చిందన్నది ఒక ప్రశ్న, అది నిజమా కాదా అన్నది వేరే ప్రశ్న.

కానీ దీనికి రెండో వైపు కూడా ఉంది. "నా మనసుకు ఇంత గట్టిగా అనిపిస్తోంది కాబట్టి ఇది నిజం" అన్న మాట ఇక చెల్లదు. పక్క వీధిలో పుట్టి ఉంటే, ఇంతే గట్టిగా, ఇదే గొంతుతో, వేరే మాట అనేవాళ్లం.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. ఇథియోపియా వాళ్లు తమ దేవుళ్లు చప్పిడి ముక్కుతో నల్లగా ఉంటారంటారు, గ్రీసుకు ఉత్తరాన ఉన్న థ్రేస్ వాళ్లు తమ దేవుళ్లవి నీలి కళ్లు, ఎర్ర జుట్టు అంటారు అని రెండున్నర వేల ఏళ్ల కిందట గ్రీకు కవి జెనోఫనీస్ రాశాడు. 1859లో ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్, లండన్‌లో ఒక మనిషిని క్రైస్తవుణ్ని చేసిన కారణాలే పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) పుట్టి ఉంటే అతణ్ని బౌద్ధుణ్నో కన్ఫ్యూషియస్ అనుయాయినో చేసి ఉండేవన్నాడు.

వీళ్లందర్లో నా మనసుకు దగ్గరైనవాడు అల్ గజాలీ. బాగ్దాద్‌లో పెద్ద మదరసాలో గొప్ప పేరున్న పండితుడు. క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగానే, యూదుల పిల్లలు యూదులుగానే, ముస్లింల పిల్లలు ముస్లింలుగానే పెరగడం గమనించాడు. అయితే నా నమ్మకంలో నాది అంటూ ఉన్నదెంత అని ఆయనకు దిగులు పట్టుకుంది. 1095లో ఉద్యోగం, పేరు వదులుకుని వెళ్లిపోయాడు. ఏళ్ల తరబడి తిరిగి, ఆలోచించి, చివరికి మళ్లీ తను పుట్టిన ఇస్లాంలోనే, సూఫీ మార్గంలో, స్థిరపడ్డాడు. అంటే ఈ ప్రశ్న వేసుకున్నవాళ్లంతా మతం వదిలేస్తారన్న భయం అక్కర్లేదు. ఆయన బయల్దేరిన చోటికే తిరిగొచ్చాడు, కానీ ఈసారి నడిచి వచ్చాడు.

చిన్నప్పుడు నమ్మకం అంత లోతుగా ఎలా నాటుకుంటుంది?

మాటలతో అనుకుంటాం. కాదు. మా అమ్మ కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేది. చీకటితో లేచి చన్నీళ్ల స్నానం, దీపం, ఆపైన సాయంత్రం చుక్క కనిపించేదాకా ఏమీ తినేది కాదు. నాకు శివుడి గురించి ఆమె కూర్చోబెట్టి బోధించిన గుర్తు ఒక్కటీ లేదు. ఆకలితో ఉన్న అమ్మ ముఖంలో విసుగు లేకపోవడం గుర్తుంది. అమ్మ ఇంత కష్టపడుతోందంటే అవతల ఎవరో ఉండే ఉంటారు. ఏడేళ్ల పిల్లవాడికి ఇంతకంటే రుజువేం కావాలి?

మా పక్కింటి ఖాలా రంజాన్ నెలంతా రోజా ఉండేది. ఎండాకాలంలో రంజాన్ వస్తే ఆ పొయ్యి ముందు నిలబడి చిన్నపిల్లలకు వండిపెట్టేది, తను చుక్క నీళ్లు తాగేది కాదు. వాళ్ల పిల్లలకు ఆమె ముఖమే రుజువు. ఇద్దరు తల్లుల నిజాయితీలో వీసమెత్తు తేడా లేదు. ఇద్దరి పిల్లలం రెండు వేర్వేరు సంగతులు నిజమని తీర్మానించుకున్నాం.

మానవశాస్త్రవేత్త జోసెఫ్ హెన్రిక్ 2009లో దీన్ని ఒక సిద్ధాంతంగా పెట్టాడు. మాటలు ఎవరైనా చెప్పగలరు, చెప్పడానికి ఖర్చు లేదు. అందుకే నేర్చుకునేవాళ్లు, ముఖ్యంగా పిల్లలు, చెప్పేవాడు ఆ మాట కోసం ఏం పోగొట్టుకుంటున్నాడో చూస్తారు. ఉపవాసం, తలనీలాలు, అగ్నిగుండం, దశమభాగం, కాలినడకన కొండెక్కడం, ఇవన్నీ చూసేవాళ్లకు "ఈయన ఊరికే అనడం లేదు" అని చెప్పే చేతలు. అందుకే పూజ చేయని తండ్రి పూజ గురించి ఎంత చెప్పినా కొడుకు చెవికెక్కదు.

దీనికి అలవాటు తోడవుతుంది. 1968లో రాబర్ట్ జాయాన్స్ అనే సైకాలజిస్టు, జనానికి అర్థం తెలియని అక్షరాలు కొన్నింటిని ఎక్కువసార్లు, కొన్నింటిని తక్కువసార్లు చూపించాడు. తర్వాత అడిగితే, ఎక్కువసార్లు చూసిన వాటికే మంచి అర్థం ఉండి ఉంటుందని చెప్పారు. ఊరికే చూస్తేనే ఇలా ఉంటే, హారతి కర్పూరం వాసన, చర్చి గంట, ఫజర్ అజాన్ పుట్టినప్పటి నుంచి వేలసార్లు మన ఒంట్లోకి దిగుతాయి. అవి విన్నప్పుడు కలిగే నెమ్మదిని మనం నెమ్మది అనుకోం, నిజం అనుకుంటాం. నాకు ఇప్పటికీ సుప్రభాతం వింటే ప్రాణం లేచొస్తుంది. అది నా చిన్నతనం లేచొస్తోందా, ఇంకేమైనానా, విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

ఒక్కమాటలో అంటే, మనం ముందు మనుషుల్ని నమ్ముతాం. మతాన్ని ఆ తర్వాత నమ్ముతాం. అందుకే ఎవరైనా మన మతాన్ని తప్పంటే ఒక సిద్ధాంతాన్ని విమర్శించినట్టు ఉండదు, మా అమ్మ అబద్ధమాడిందని అన్నట్టు ఉంటుంది. అంత కోపం అందుకే వస్తుంది.

మా మొక్కు ఫలించింది. ప్రార్థనతో జబ్బు నయమైంది. ఇది రుజువు కాదా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు నా ఎదురుగా ఎప్పుడూ మా ఊరి రొట్టెల పండుగే కనిపిస్తుంది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె, పెళ్లి రొట్టె, ఇప్పుడు వీసా రొట్టె కూడా. కోరిక ఉన్నవాళ్లు ఆ రొట్టె తీసుకుని తింటారు. కోరిక తీరితే మరుసటి ఏడాది వచ్చి అదే పేరుతో రొట్టె ఇస్తారు. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ వస్తారు. ఆ నీళ్లలో నిలబడి, కొత్తగా పుట్టిన బిడ్డను ఎత్తుకుని ఒక తల్లి సంతాన రొట్టె ఇస్తుంటే చూసి కళ్లు చెమర్చనివాళ్లు ఉండరు.

ఇప్పుడు ఆ చెరువులో ఎవరున్నారో చూడండి. రొట్టె ఇవ్వడానికి వచ్చినవాళ్లందరికీ కోరిక తీరింది, తీరింది కాబట్టే వచ్చారు. తీరనివాళ్లు ఇంట్లో ఉన్నారు. లేదా మళ్లీ ఇంకో రొట్టె కోసం చెయ్యి చాపి నిలబడ్డారు. కాబట్టి గట్టున నిలబడి చూసేవాళ్లకు ఎటు చూసినా ఫలించిన మొక్కులే కనిపిస్తాయి. తిరుమలలో ముడుపు చెల్లించే వరసలోనూ అంతే, గుణదలలో తలనీలాలు ఇచ్చే చోటా అంతే, స్వస్థత కూటంలో సాక్ష్యం చెప్పే వేదిక మీదా అంతే. ప్రాచీన గ్రీసులో డయాగరస్‌కు, సముద్రంలో మునిగిపోకుండా బతికి బయటపడ్డవాళ్లు గుడిలో పెట్టిన చిత్రపటాలు చూపించి, దేవుళ్ల దయ చూశావా అన్నారట. మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ల పటాలు ఎక్కడున్నాయని ఆయన అడిగాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఫలించిన మొక్కులు అన్ని మతాల్లోనూ ఉన్నాయి. మా మొక్కు మా దేవుడి నిజానికి రుజువైతే, వాళ్ల మొక్కు వాళ్ల దేవుడికి రుజువే కావాలి. పోటీపడే మతాలన్నీ తమ తమ అద్భుతాలను సాక్ష్యంగా తెస్తే ఒకదాని సాక్ష్యం ఇంకోదాన్ని కొట్టేస్తుందని 1748లో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ వాదించాడు. మనం సాధారణంగా ఏం చేస్తామంటే, మనవాళ్లకు నయమైతే మహిమ అంటాం, అవతలివాళ్లకు నయమైతే మందులు పనిచేశాయి అంటాం. ఈ రెండు తూకపురాళ్ల అలవాటు నాకు చాలా బాధ కలిగిస్తుంది.

మొక్కు వద్దని నేను అనడం లేదు. భయంలో ఉన్న మనిషికి అదొక ఆసరా. మందులు మాత్రం ఆపకండి.

నాకు స్వయంగా దైవానుభవం కలిగింది. దాన్ని కూడా కాదంటారా?

మీకు కలిగిందాన్ని కాదనడానికి నేనెవర్ని? అమెరికా సైకాలజిస్టు విలియం జేమ్స్ ఇలాంటి అనుభవాలను ఎంతో గౌరవంగా పరిశీలించి 1902లో చెప్పిన మాట నాకు న్యాయంగా తోస్తుంది. ఆ అనుభవం పొందినవాళ్ల మీద దానికి అధికారం ఉంటుంది, ఉండడం సహజం. బయటివాళ్లు దాన్ని ప్రశ్నించకుండా ఒప్పుకోవాలన్న నిబంధన మాత్రం లేదు.

ఒక్కటి గమనించండి. ధ్యానంలోనో జ్వరంలోనో కలలోనో కనిపించే రూపం దాదాపు ఎప్పుడూ మనకు ముందే తెలిసిన రూపం. తెలుగింటి భక్తురాలికి వెంకటేశ్వరుడు కనిపిస్తాడు, పోర్చుగల్ పల్లెలో పిల్లలకు మరియమ్మ కనిపిస్తుంది. నమ్మేవాళ్లు దీనికి కూడా జవాబు చెప్తారు, దేవుడు ఎవరికి అర్థమయ్యే రూపంలో వాళ్లకు కనిపిస్తాడని. కావచ్చు. అదే నిజమైతే ఆ రూపాన్ని బట్టి "మాదొక్కటే" అనడం కుదరదు.

మా గ్రంథంలోనే స్పష్టంగా రాసి ఉంది కదా?

ఉంటుంది. ఆ గ్రంథం నిజమని ఎలా తెలుసు అంటే దేవుడి మాట కాబట్టి అంటాం, దేవుడి మాట అని ఎలా తెలుసు అంటే గ్రంథంలో ఉంది అంటాం. తిరిగి తిరిగి మొదటికే వస్తాం. వేదం అపౌరుషేయం, అంటే మనుషులు రాసింది కాదన్న వాదమైనా, మరో గ్రంథం దైవవాక్కన్న వాదమైనా, లోపలివాళ్లకు కొండంత బలం, బయటివాళ్లకు కొత్తగా ఏమీ చెప్పదు.

చదువుకున్నవాళ్లు, శాస్త్రవేత్తలు కూడా తమ మతాన్నే గట్టిగా నమ్ముతారే?

చదువు మనల్ని ఈ విషయంలో కాపాడదు. చాలాసార్లు మనవైపు వాదనలు వెతికిపెట్టే గుమాస్తాగా మారుతుంది.

1960లో పీటర్ వాసన్ అనే సైకాలజిస్టు చేసిన ఒక పరీక్షను నేను తొమ్మిదో తరగతిలో ఏటా చేయించేవాణ్ని. బోర్డు మీద 2, 4, 6 అని రాస్తాను. ఈ మూడూ ఒక నియమం ప్రకారం ఉన్నాయి, మీరు వేరే మూడంకెలు చెప్పండి, నియమానికి సరిపోతాయో లేదో చెప్తాను, నియమం ఏమిటో కనిపెట్టండి అంటాను. 8, 10, 12 అంటారు. సరిపోతాయి. 20, 22, 24. సరిపోతాయి. "రెండేసి పెరిగే సరిసంఖ్యలు సార్!" తప్పు. అసలు నియమం, ఒకదానికంటే ఒకటి పెద్దది కావాలి, అంతే. 1, 7, 50 అని ఒక్కరు అడిగినా తెలిసిపోయేది. తమ ఊహ తప్పయ్యే అంకెలు అడగాలని ఎవరికీ తోచదు. తెలివైన పిల్లలకు అసలే తోచదు, వాళ్లకు మొదటి ఊహే బాగా కుదురుతుంది మరి. ఇది నా తరగతిలో నేను చూసింది.

మతం విషయంలో మనం జీవితాంతం 8, 10, 12 అని అడుగుతూనే ఉంటాం. మన మతం గురించి మనవాళ్లు రాసింది చదువుతాం, ఎదుటి మతం గురించి కూడా మనవాళ్లు రాసిందే చదువుతాం. ఎదుటి మతంలో ఉన్న మంచి మనిషిని, ఆ మతాన్ని ప్రేమించే మనిషిని, "మీకు ఇందులో ఏం దొరికింది?" అని ఎంతమందిమి అడిగాం?

జోస్యం తప్పినా, కష్టాలు వచ్చినా నమ్మకం ఎందుకు చెదరదు?

విలియం మిల్లర్ అనే అమెరికా బోధకుడు బైబిల్ లెక్కలు కట్టి క్రీస్తు తిరిగి రాబోతున్నాడని ప్రచారం చేశాడు. ఆయన అనుచరులు చివరికి 1844 అక్టోబర్ 22 అని రోజు కూడా ఖాయం చేసుకున్నారు. వేలమంది ఎదురుచూశారు. ఆ రోజు గడిచిపోయింది. చాలామంది విడిపోయారు. కొందరు మాత్రం తేదీ సరైనదే, ఆ రోజు జరగాల్సింది భూమి మీద కాదు, పరలోకంలో జరిగింది అని అర్థం చేసుకున్నారు. సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం ఆ కోవలోంచే పుట్టింది.

ఇది చదివి నవ్వుకోకండి. మన ఇళ్లలో జరిగేదీ అదే. కోరిక తీరితే దేవుడి దయ, తీరకపోతే మన ప్రారబ్ధం, లేదా పరీక్ష, లేదా అంతకంటే మంచిదేదో రాసిపెట్టి ఉంది. ఏం జరిగినా సరిపోయే జవాబు మనసుకు ఊరట ఇస్తుంది, కాదనను. కానీ ఏం జరిగినా తప్పుకాని మాట, ఏం జరిగినా రుజువు కూడా కాదు.

ఒకే మతంలో ఉన్నవాళ్లు కూడా ఎందుకు కొట్లాడుకుంటారు?

కంచి వరదరాజస్వామి గుడిలో వడగలై, తెంగలై శాఖల తగాదాలు కోర్టుల్లో దశాబ్దాల తరబడి నడిచాయి. ఇద్దరూ రామానుజుల అనుయాయులే, ఇద్దరిదీ విష్ణుభక్తే. కోతిపిల్ల తల్లిని పట్టుకున్నట్టు మనం దేవుణ్ని పట్టుకోవాలా, పిల్లికూనను తల్లి నోట కరచుకున్నట్టు దేవుడే మనల్ని మోస్తాడా అన్నది వాళ్ల సిద్ధాంత భేదం. నామం ఆకారం ఇంకో భేదం. షియా సున్నీలు, కాథలిక్ ప్రొటెస్టెంట్లు, శ్వేతాంబర దిగంబరులు, ఎవరూ దీనికి మినహాయింపు కాదు.

"మనం" అనేది ఏర్పడటానికి పెద్ద కారణం అక్కర్లేదు. హెన్రీ తజ్‌ఫెల్ అనే సైకాలజిస్టు ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో బడిపిల్లలను ఇద్దరు చిత్రకారుల బొమ్మల్లో ఎవరి బొమ్మలు నచ్చాయన్న పేరుతో రెండు జట్లు చేశాడు. నిజానికి ఇష్టాయిష్టాలతో పనిలేకుండా ఎలాపడితే అలా విడగొట్టాడు. ఏ జట్టులో ఎవరున్నారో తెలియకపోయినా, డబ్బులు పంచమంటే పిల్లలు తమ జట్టువైపే మొగ్గారు. అరగంట కిందట పుట్టిన జట్టు సంగతే ఇలా ఉంటే, తాతముత్తాతల పేర్లు, పెళ్లిళ్లు, శ్మశానాలు అన్నీ కలిసిన జట్టును వదిలి ఎదుటివాడివైపు నుంచి చూడటం ఎంత కష్టమో ఊహించండి.

అన్ని మతాలూ ఒకటే చెప్తాయంటే గొడవ ఉండదు కదా?

మంచి మనసుతో అనే మాట. కానీ నిజం కాదు. యేసు శిలువ మీద మరణించాడన్నది క్రైస్తవానికి పునాది, ఆయనను చంపలేదు, శిలువ వేయలేదు అంటుంది ఖురాన్. సృష్టికర్త ఉన్నాడని కొన్ని మతాలంటే, జైనం లేడంటుంది. నిత్యమైన ఆత్మ ఉందని ఉపనిషత్తులంటే, బుద్ధుడు అలాంటిది లేదన్నాడు. అద్వైతం జీవుడూ బ్రహ్మమూ ఒకటే అంటే, మధ్వాచార్యులు ఐదు రకాల భేదాలు లెక్కపెట్టి చూపించారు. వీళ్లందరినీ "ఒకటే" అనడం వాళ్లు ప్రాణంపెట్టి చెప్పిన మాటలు వినకపోవడమే అవుతుంది.

ఏనుగును తడిమిన గుడ్డివాళ్ల కథ అందరం చెప్తాం. ఆ కథ బౌద్ధ పాలి గ్రంథాల్లో ఉంది, జైనులూ అనేకాంతవాదానికి, అంటే సత్యానికి అనేక కోణాలుంటాయన్న వాదానికి, ఉదాహరణగా చెప్తారు. కానీ కథ చెప్పేవాడు ఎక్కడున్నాడు? అతనికి ఏనుగు మొత్తం కనిపిస్తోంది. మిగతావాళ్లంతా తోకో తొండమో పట్టుకున్నవాళ్లు.

"మా ధర్మం అందరినీ కలుపుకొంటుంది, మాకు ఈ రోగం లేదు" అని హిందువుల్లో చాలామంది, నా బంధువులతో సహా, అంటారు. ఇతర దేవతలను శ్రద్ధతో కొలిచేవాళ్లు కూడా నన్నే కొలుస్తున్నారని గీతలో కృష్ణుడంటాడు. విశాలమైన మాటే. అయితే కాథలిక్ పండితుడు కార్ల్ రానర్, ఇతర మతాల్లోని మంచివాళ్లు తమకు తెలియకుండానే క్రైస్తవులే అన్నాడు. అది విన్నప్పుడు మనకు "నువ్వెవరయ్యా నన్ను క్రైస్తవుడనడానికి?" అనిపించిందా లేదా? మన మాట వాళ్లకూ అలాగే వినిపిస్తుంది. అందరినీ లోపలికి పిలవడం మంచిదే, ఇల్లు మాత్రం మనదే అంటున్నాం.

మన ఊళ్లలో ఒకరి దేవుడికి ఒకరు మొక్కుతారు. దాన్నేమనాలి?

దాన్ని ఏ సిద్ధాంతం పేరుతో పిలవాలో నాకు తోచదు, కానీ దాని మీద నాకు అపారమైన ప్రేమ. ఉగాదినాడు దేవుని కడప వెంకన్నను చూడటానికి ముస్లింలు వస్తారు, బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు, స్వామి అల్లుడు అని. అనంతపురం వైపు గూగూడులో కుళ్లాయిస్వామి పీర్లకు మొక్కేవాళ్లలో ఎక్కువమంది హిందువులే. ఫిబ్రవరిలో గుణదల కొండెక్కి మేరీమాతకు తలనీలాలిచ్చే హిందువులను చూస్తే ఇది తిరుమలేమో అనిపిస్తుంది. పోతులూరి వీరబ్రహ్మంగారి ముఖ్యశిష్యుడు సిద్ధయ్య ముస్లిం ఇంటి బిడ్డ.

ఇది ఇప్పటిదీ కాదు. మూడో శతాబ్దంలో విజయపురి, అంటే నాగార్జునకొండ, ఏలిన ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన సొంత చెల్లెలు శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి దానం చేసిన ఉపాసిక. ఒకే ఇంట్లో యజ్ఞమూ నడిచింది, స్తూపమూ లేచింది.

మరి వీళ్లంతా "నాది నిజం, నీది అబద్ధం" అనుకోలేదా? మొక్కే దగ్గర ఆ ప్రశ్న రాదు. పెళ్లి దగ్గర వస్తుంది. ఇందాక చెప్పిన ప్యూ సర్వేలోనే, నిజమైన భారతీయులు కావాలంటే అన్ని మతాలనూ గౌరవించడం చాలా ముఖ్యమన్నవాళ్లు 84 శాతం. తమ ఆడపిల్లలు వేరే మతంవాళ్లను చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమన్నవాళ్లు హిందువుల్లో 67 శాతం, ముస్లింలలో 80 శాతం. పొరుగువాడి దేవుడు పనికొస్తాడు, పొరుగువాడి కొడుకు పనికిరాడు. మన గోడ ఎక్కడుందో ఈ అంకెలు చూపిస్తాయి.

మరి మతం మారినవాళ్లు ఎలా మారారు?

అంబేడ్కర్ 1935లో మహారాష్ట్రలోని యేవలాలో తాను హిందువుగా పుట్టినా హిందువుగా చావనన్నారు. బౌద్ధం స్వీకరించింది 1956 అక్టోబర్ 14న, నాగపూర్‌లో. మధ్యలో 21 ఏళ్లు. అంతకాలం చదివి, తూచి, లక్షలమందిని వెంట తీసుకుని వెళ్లిన ఇంకో మనిషి మన చరిత్రలో నాకు కనిపించడు. ఆయన అడిగిన ప్రశ్న "ఏ దేవుడు నిజం" అన్నది కాదు, "ఎక్కడ నా మనిషి మనిషిగా నిలబడతాడు" అన్నది.

మా పక్కన ఒంగోలులో ఇంకో కథ ఉంది. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వే పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమంది మాదిగలకు కూలి ఇప్పించాడు. తిండికోసం చేరారన్న మాట రాకుండా కరువు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. "గోధుమపిండి కోసం మారారు" అని తేలిగ్గా అనేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. ఊరి బావి దగ్గరికి రానివ్వని చోటు నుంచి, పక్కన కూర్చోబెట్టుకుని అక్షరం నేర్పిన చోటికి వెళ్లారు. వాళ్లు కూడా ముందు నమ్మింది మనుషుల్నే.

రాజ్యాంగం 25వ అధికరణ అంతరాత్మ స్వేచ్ఛ ఇచ్చింది. ఎవరిష్టం వాళ్లది. బలవంతం, మోసం ఉంటే అది వేరే సంగతి.

నాస్తికులకు ఈ ప్రశ్న వర్తించదా?

వర్తిస్తుంది. నాస్తికుల ఇంట్లో పుట్టి, ఎప్పుడూ ఎదురు పుస్తకం తెరవకుండా నాస్తికుడైనవాడికీ, నాకూ ఈ విషయంలో తేడా లేదు. గోరా వంటివారి సంగతి వేరు. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, నాస్తికత్వం కోసం ఉద్యోగం పోగొట్టుకుని, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. ఆయన అభిప్రాయాలన్నీ నేను ఒప్పుకోను. కానీ ఆయన మాటకు వెల కట్టి చూపించారు, అందుకే వినేవాళ్లకు నమ్మకం కుదిరింది. మా అమ్మ ఉపవాసం నా మీద చేసిన పనే అది.

అయితే నా మతమే సరైనదని నమ్మడం తప్పా?

తప్పు కాదు. ఏదైనా నిజమని నమ్మడమంటేనే, దానికి వ్యతిరేకమైనది నిజం కాదని నమ్మడం. అలా నమ్మకుండా "నమ్ముతున్నాను" అనడంలో అర్థం లేదు. గుత్తికి దగ్గర్లో, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో, అశోకుడి శాసనాలున్న బండలు ఉన్నాయి. పన్నెండో శాసనంలో ఆయన చెప్పింది ఇంచుమించు ఇది: తన మతం మీద మితిమీరిన భక్తితో దాన్ని పొగుడుతూ ఇతరుల మతాన్ని కించపరిచేవాడు తన మతానికే ఎక్కువ హాని చేస్తాడు. ఒకరి ధర్మాన్ని ఒకరు వినాలి. రాజు తను బౌద్ధుడు. నమ్మకాన్ని వదులుకోమని ఎక్కడా అనలేదు. నోటిని అదుపులో పెట్టుకోమన్నాడు, చెవి తెరవమన్నాడు. మన రాళ్ల మీద రెండు వేల రెండు వందల ఏళ్లకు పైగా ఈ మాట ఉందని మన పిల్లల్లో ఎక్కువమందికి తెలియదు. నేను ఒకసారి పిల్లలను తీసుకెళ్లాను. ఎండలో ఆ బండ మీద చెయ్యి పెట్టి ఒకడు, "దీన్ని బళ్లో ఎందుకు చదివించరు సార్?" అన్నాడు.

పిల్లలు "మన మతమే ఎందుకు?" అని అడిగితే ఏం చెప్పాలి?

నిజం చెప్పండి. "మీ తాతమ్మ ఇలా చేసింది, నేను అది చూసి నేర్చుకున్నాను, నాకు ఇందులో ఫలానాది దొరికింది" అనండి. ఆ ఫలానాది ఏమిటో ముందు మీరు ఆలోచించుకోవాల్సి వస్తుంది, అది మీకు కూడా మంచిదే. "మిగతావాళ్లు తప్పు" అని మాత్రం అనకండి. మీ పిల్ల పక్కన బెంచీలో ఆ మిగతావాళ్ల పిల్ల కూర్చుని ఉంటుంది, ఇద్దరూ ఒకే డబ్బాలో అన్నం తింటారు. తెలియనిది తెలియదనండి. అమ్మానాన్నలకు తెలియని సంగతులుంటాయని తెలిసినంత మాత్రాన పిల్లలు చెడిపోరు.

ఇంతకీ మీరు ఏ మతం?

పుట్టిన మతంలోనే ఉన్నాను. కార్తీకమాసంలో దీపం పెడతాను. పెట్టేటప్పుడు శివుడు గుర్తొచ్చేలోపు అమ్మ గుర్తొస్తుంది. పక్కింటి ఖాలా పోయి ఆరేళ్లయింది. వాళ్ల అబ్బాయి ఏటా రొట్టెల పండుగకు నన్ను కూడా చెరువు దగ్గరికి తీసుకెళ్తాడు. పోయినసారి నేను తీసుకున్నది ఆరోగ్య రొట్టె, మా ఆవిడ మోకాళ్ల కోసం.